దాచి చేయించుకోకు బిడ్డా

కుమఠా నాకా, షోలాపూర్
ఆషాఢ మాసం

 

ఆదివారం నువ్వు ఫోన్లో చెప్పిన మాట నాలుగు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. బరువు తగ్గే ఆపరేషన్‌కు దసరా దాటాక తేదీ ఇచ్చారన్నావు. ఆ సంగతి మీ ఆయనకు తప్ప మెట్టినింట్లో ఎవరికీ తెలియదన్నావు. "పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అని చెప్తున్నాం పెద్దమ్మా, ఎవరడిగినా నువ్వూ అదే చెప్పు" అంటే, నీ గొంతులో భయం విని సరేనన్నాను. ఆ 'సరే'ను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆపరేషన్ తప్పని నేననను. నలుగురు డాక్టర్లను అడిగి, ఆలోచించుకుని తీసుకున్న నిర్ణయం నీది. నన్ను భయపెడుతున్నది దాపరికం. అదేం చేస్తుందో మన ఇంట్లోనే చూశాను.

మీ అమ్మమ్మ పొద్దున్నే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా లేచేది కాదు. తడిపిన తునికాకు కత్తెరతో కోయడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. రోజంతా కదిలేవి ఆ వేళ్లే. తినేది జొన్నరొట్టె, పల్లీల శేంగా చట్నీ. అయినా నలభై దాటేసరికి ఒళ్లు వచ్చింది, వెంటనే షుగర్ వచ్చింది. ఇంటికొచ్చిన చుట్టం దగ్గర్నుంచి దవాఖానాలో డాక్టరు దాకా అందరిదీ ఒకటే మాట, నోరు కట్టుకోమని. బడిలో టీచరునయ్యానన్న గర్వంతో అందరికంటే ఎక్కువగా అన్నది నేనే. పోనుపోనూ ఆమె మా ముందు తినడం మానేసింది. కాలికి పుండైతే, చూపిస్తే మళ్లీ బరువు మీదికే మాట పోతుందని చీర కుచ్చిళ్ల కింద దాచుకుంది. వాసన వచ్చి మేం కనిపెట్టేసరికి పాదం నల్లబడింది. మోకాలి కింద నుంచి తీసేశారు. ఆ తర్వాత ఏడాది కూడా బతకలేదు. షుగర్‌తో పోయిందని అందరూ అంటారు. సిగ్గుతో పోయిందని నాకు తెలుసు. ఆ సిగ్గు నూరిపోసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

అప్పుడు నాకు తెలియని సంగతులు ఇప్పుడు చదివి తెలుసుకున్నాను. జీర్ణాశయం పైభాగంలో గ్రెలిన్ అనే హార్మోన్ పుడుతుంది. ఆకలవుతోందని మెదడుకు చెప్పేది అదే. కడుపు మాడ్చుకుని పది కిలోలు తగ్గిన మనిషిలో ఆ హార్మోన్ పెరుగుతుంది, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి తగ్గుతుంది. పోయిన బరువును మళ్లీ తెచ్చుకునేదాకా శరీరం ఊరుకోదు. మూడుసార్లు తగ్గి మూడుసార్లు పెరిగానని నువ్వు ఏడ్చావే, అది నీ చేతకానితనం కాదు బిడ్డా.

పైగా మన ఒళ్ల తీరు వేరు. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసి చూపించారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే మనవాళ్లకూ షుగర్ ఎందుకొస్తుందో అక్కడ అర్థమవుతుంది. నీ ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే 38 వస్తుంది. ఈ ఆపరేషన్‌కు 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 40, జబ్బులు కూడా ఉంటే 35. ఆసియా వాళ్లకు 27.5 దాటితే చాలు, ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు సవరించాయి. షుగరూ, నిద్రలో ఊపిరి ఆగే జబ్బూ ఉన్న నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్తే దాన్ని సోకు అని ఎవరైనా అంటే, వాళ్లకు తెలియక అంటున్నారు.

లైపోసక్షన్‌కూ దీనికీ తేడా కూడా అత్తగారికి చెప్పు. హీరోయిన్ ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్లకే పోయినప్పుడు మన ఇళ్లలో అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుంది. ఆ వార్త విన్నవాళ్లకు 'బరువు ఆపరేషన్' అంటే ఇప్పటికీ అదే గుర్తు. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును లాగేస్తుంది. అది ఊబకాయానికి వైద్యం కాదు. నీకు చెప్పిన స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయం ముప్పాతిక భాగం దాకా కోసి తీసేసి, అరటిపండు ఆకారంలో గొట్టం మిగులుస్తారు. గ్రెలిన్ ఎక్కువగా పుట్టే చోటు దాంతోపాటే పోతుంది. తీసింది మళ్లీ పెట్టలేరు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగు వేల మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, బరువు తగ్గించే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లలో మరణాలు తగ్గాయని 2007లో తేలింది. ఇప్పుడు వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తోంది. నీకు ఏది సరిపోతుందో మరోసారి డాక్టర్‌ను అడుగు.

ఇక నీ అబద్ధం సంగతి. ఈ ఆపరేషన్ తర్వాత బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో నిజంగానే రాళ్లు రావచ్చు. అర్ధరాత్రి నీకు కడుపులో నొప్పి లేచి, మీ ఆయన ఊళ్లో లేని రోజు మీ అత్తగారే నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్లిందనుకో. "పిత్తాశయం తీసేశారండీ" అని ఆ తల్లి నమ్మకంగా చెబుతుంది. నీకు మాట్లాడే ఓపిక లేకపోతే డాక్టరు రాళ్ల సంగతే తలచడు. కుట్టిన చోట లీకైనా అంతే. రోజుల తరబడి వాంతులు ఆగకపోతే విటమిన్ బీ1 పడిపోయి నరాలు, మెదడు దెబ్బతినవచ్చు. ఇంట్లోవాళ్లు విశేషమేమో అని సంబరపడుతూ కూర్చుంటారు.

ఆ విశేషం గురించి కూడా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా కడుపు రాకూడదంటారు డాక్టర్లు. బరువు తగ్గితే గర్భం తొందరగా వచ్చే వీలుంది కాబట్టి జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఇప్పటికే నెలనెలా అడిగే అత్తగారికి కారణం తెలియకపోతే, ఆ ఏడాదిన్నర నిన్ను ఎన్ని మాటలంటుందో ఆలోచించు. మూడో నెల నుంచి జుట్టు రాలవచ్చు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ బతికున్నన్నాళ్లూ చూసుకోవాలి. గుప్పెడు అన్నం మెల్లగా నమిలి తినాలి. తిండి మధ్యలో నీళ్లు తాగకూడదు. వీటిలో ఏది గుట్టుగా చేయగలవు? చీరల అడుగున దాచిన మాత్రలు నాలుగు నెలలు వేసుకుంటావు, ఐదో నెల మరిచిపోతావు. పండక్కి ప్రేమగా రెండో బొబ్బట్టు వడ్డిస్తే కాదనడానికి కారణం చెప్పలేక తింటావు.

సాంచె మీద, అంటే మరమగ్గం మీద, పడుగులో పోగు తెగితే మీ తాత వెంటనే ఆపేవాడు. దీపం దగ్గరికి పెట్టి తెగిన కొస వెతికి ముడి వేశాకే మళ్లీ నడిపేవాడు. ఎవరూ చూడలేదు కదా అని నేసుకుంటూ పోతే, అక్కణ్నుంచి కొస దాకా చద్దరులో సన్నటి సందు పడుతుంది. దాన్ని ఇక ఏ ముడీ పూడ్చలేదు.

ఊరందరికీ చాటమని నేననడం లేదు. ఆఫీసులో, చుట్టాల్లో ఎవరడిగినా "కడుపులో ఆపరేషన్ జరిగింది" అని ఊరుకో. అది నీ హక్కు. కానీ నీతో ఒకే కంచాల వరుసలో కూర్చునేవాళ్లకు నిజం తెలియాలి. మామగారు ఒకటి రెండు మాటలంటారేమో, అననీ. అన్న మాటలకు జవాబు చెప్పడానికి నేనున్నాను. అవసరమైతే బండెక్కి హైదరాబాద్ వస్తాను, మీ అత్తగారి పక్కన కూర్చుని మా అమ్మ కథ చెబుతాను.

రాఖీ పున్నమికి మార్కండేయ స్వామి రథోత్సవానికి వస్తావు కదా. పోయినేడు రథం వెంట నాలుగడుగులు వేసి ఎవరిదో అరుగు మీద కూలబడ్డావు. చెప్పు తెగిందని అందరికీ చెప్పావు. నీ చెప్పులు నేను చూశాను బిడ్డా, తెగలేదు. మా అమ్మ కుచ్చిళ్లు సర్దుకోవడం గుర్తొచ్చి నోట మాట రాలేదు. ఈసారి ఆయాసమొస్తే ఆయాసమనే చెప్పు. నీ పక్కన అదే అరుగు మీద నేనూ కూర్చుంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ