క్షమించినవాడు మరచిపోవలెనా?

ధ్యానభాగము: ఆదికాండము 45:1–15

ఐరోపా ఖండమందు పాఠశాలల పిల్లలు ఉపాధ్యాయులతో కూడ గుంపుగా పొరుగు దేశముల నగరములను చూడబోవుట వాడుక. జర్మనీ ముఖ్యపట్టణమైన బెర్లినుకు ఇట్టి గుంపులు విస్తారముగా వచ్చుచుండును. కడపటి దినము ఎట్లుండునో ఊహింపవచ్చును. ఉదయమే గదులు ఖాళీచేసి, పెట్టెలన్నియు ఒకచోట పెట్టి, సాయంకాలపు రైలువరకు మిగిలిన గడియలు ఎట్లు గడుపుదుమా అని చూతురు. కొందరి మనస్సు అంగళ్లమీద నుండును. ఇంటివారికి ఏదైన కొనిపోవలెను గదా! ఉపాధ్యాయుడు మాత్రము బెర్నావర్ వీధికి పోదమనును. ఆ వీధిలో పుట్టు ప్రశ్ననుగూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1961 ఆగస్టు 13వ తేదీన తూర్పు జర్మనీ ప్రభుత్వము తన జనులు పడమటికి వెళ్లిపోకుండునట్లు నగరము నడుమ ముళ్లకంచె వేసి, పిమ్మట గోడ కట్టెను. బెర్నావర్ వీధిలో ఒక వరుస ఇండ్లు తూర్పు భాగమునకు చెందినవి. వాటి గుమ్మముల ముందరి కాలిబాట పడమటి భాగమునకు చెందినది. తలుపులు మూసివేయగా జనులు కిటికీలనుండి దూకిరి. ఈదా సీక్‌మన్ అను 58 ఏండ్ల స్త్రీ ఆగస్టు 22న తన పరుపులను ముందుగా వీధిలోనికి పడవేసి, మేడమీదినుండి దూకి, ఆసుపత్రికి చేరకమునుపే మరణించెను. మరునాడే ఆమె పుట్టినదినము. 1989 నవంబరు 9న దారి తెరువబడు వరకు ఆ గోడయొద్ద కనీసము 140 మంది ప్రాణములు పోయినవి.

ఆ వీధిలోనే 1894లో ప్రతిష్ఠింపబడిన దేవాలయ మొకటి యుండెను. దాని పేరు సమాధాన దేవాలయము! సంఘస్థులలో ఎక్కువమంది పడమట, ఆలయము తూర్పున. గోడ దాని ముందరనే లేచెను. సైనికులు తుపాకులతో కాపలాకాయు నేలలో చిక్కి, తాళము పడి, అది 1985 జనవరిలో మందుగుండుతో కూల్చివేయబడెను. 2000 నవంబరు 9న ఆ స్థలముననే చిన్న ప్రార్థనాలయ మొకటి ప్రతిష్ఠింపబడినది. దాని గోడ మట్టిగోడ. మట్టిని పొరమీద పొర పోసి దిమ్మిసకొట్టి లేపినది. మట్టిగోడ సంగతి మన పల్లెలవారికి ఒకరు చెప్పవలసినది లేదు. అయితే కూలిన పాత ఆలయపు ఇటుక ముక్కలను ఆ మట్టిలో కలిపిరి. నేటికిని అవి గోడలో కనబడుచున్నవి. చుట్టునున్న కాపలా నేలలో ఇప్పుడు రై అను ధాన్యము విత్తి కోయుచున్నారు. వారములో కొన్ని దినములు మధ్యాహ్నము 12 గంటలకు, గోడయొద్ద చనిపోయినవారిలో ఒకరి జీవితకథ చదివి ప్రార్థింతురు.

అక్కడ కూర్చుండిన విద్యార్థి యొకడు ఇట్లడుగవచ్చును: “గోడ పోయినది. 1990లో రెండు దేశములు ఒకటైనవి. ఆలయము పేరే సమాధానము. ఇంకను ఈ పాత సంగతి చదువుట ఎందుకు?” ఈ ప్రశ్న తేలికైనది కాదు. దేవుడు తన జనుల పాపములను ఇక జ్ఞాపకము చేసికొనడని యిర్మీయా 31లో చదువుచున్నాము గదా.

నా మనస్సుకు తోచినది చెప్పెదను. దేవుడు జ్ఞాపకము చేసికొనడనగా ఆ దోషమును లెక్కకు తెచ్చి శిక్షింపడని భావము. జరిగినది జరుగలేదనుట కాదు. యోసేపును చూడుడి. తన సహోదరులను కౌగిలించుకొనుటకు ముందు, వారు తన్ను అమ్మివేసిన సంగతి వారి ముఖముననే చెప్పెను. అయితే ఆ మాట చెప్పుటకు ముందు ఐగుప్తీయులందరిని వెలుపలికి పంపివేసెను. సహోదరులను నలుగురిలో సిగ్గుపరచుట అతని కోరిక కాదు. తప్పును పేరుపెట్టి చెప్పుటయు, తప్పుచేసినవానిని కాపాడుటయు ఆ ఒక్క గదిలోనే జరిగినవి. మన సంఘములలో తగవు తీర్చు పెద్దలు మొదటిదానిని విడిచి రెండవదానికే త్వరపడుట నేను చూచియున్నాను.

మరియొక చిక్కున్నది. ఈదా సీక్‌మన్ పక్షముగా క్షమించుటకు ఎవరికి అధికారము? గోడ కట్టించినవారిని ఆమె క్షమించెనో లేదో చెప్పుటకు ఆమె లేదు. దూకి బ్రదికినవారిలో ఒకరు, “నేనది మరచిపోగోరుచున్నాను” అనినయెడల వారిని నిర్బంధింపరాదు. అది వారి గాయము. ఏ దెబ్బయు తగులని మనము మరచిపొండని వారికి బోధించుట వేరు సంగతి. ఆ మట్టిగోడల నడుమ చదువువారు ఎవరి పక్షమునను క్షమాపణ ప్రకటింపరు. ఒక పేరు, ఒక వయస్సు, ఒక ఇల్లు, చనిపోయిన విధము చదివి ప్రార్థించి ముగింతురు.

అప్పటికి రైలువేళ దగ్గరపడును. పిల్లలు వెలుపలికి వచ్చి, పైరు ప్రక్కనుండి నడచి, పెట్టెలకొరకు పోవుదురు. అంగడికి పోవలెననినవాడు దారిలో ఏదో కొనుక్కొనును. ప్రశ్న అడిగినవాడు మాత్రము, తన తండ్రియు పెదతండ్రియు ఎన్ని ఏండ్లనుండి మాటలాడుకొనుటలేదో లెక్కవేసికొనుచు నడచునేమో.