ముందు నెలవారీ వాళ్ల మందు

అమ్మలూ, నరసరావుపేటలో నీ పేరు మీద మందుల కొట్టుకి లైసెన్సు వస్తోందని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. కడుపు నిండిపోయింది. ఫారం 20, 21 గోడకి తగిలించడం, అరలు సర్దడం నేను చెప్పక్కర్లేదు. బీఫార్మసీ చదివిన పిల్లవి. నాకు చెప్పాలనిపించింది ఒక్కటే: మళ్లీ కరోనా లాంటిది వచ్చి ఊరు ఊరంతా నీ కౌంటర్ మీద పడితే, భయపడి పరిగెత్తుకొచ్చినవాళ్లకన్నా ముందు నెలనెలా వచ్చేవాళ్లని చూసుకో తల్లీ.

2020 మార్చిలో నువ్వింకా చిన్నదానివి. కరోనా రోగులకి సేవచేసే వైద్య సిబ్బంది ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకోవచ్చని ఆ నెల నాలుగో వారంలో ఐసీఎంఆర్ చెప్పింది. సిబ్బందికి చెప్పిన మాట టీవీలో విని, ఏ జబ్బూ లేనివాళ్లు మా కొట్టుకి వచ్చి పదేసి స్ట్రిప్పులు అడిగారు. లూపస్ ఉన్నవాళ్లు, కీళ్లవాతం ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి ఆ మాత్ర మీదే నెట్టుకొస్తున్నారు, వాళ్ల సంగతి ఎవరికి పట్టింది? మార్చి 26న కేంద్రం దాన్ని షెడ్యూల్ హెచ్1 మందులాగా, చీటీ చూసి రిజిస్టరులో రాసే అమ్మాలంది. ఆ లోపే స్టాకిస్టుల దగ్గర అయిపోయింది. నా దగ్గరున్న కాసిని స్ట్రిప్పులకి వాడేవాళ్ల పేర్లు రాసి, రబ్బరు బ్యాండ్లు వేసి సొరుగులో పెట్టాను. ఉంచుకుని లేవంటున్నావని తిట్టారు. పడ్డాను. లూపస్ ఉన్న టీచరమ్మ వచ్చి తన స్ట్రిప్పు చూసుకుని కౌంటర్ దగ్గరే కళ్లు తుడుచుకుంది. ఆ తిట్లు నువ్వూ పడాలి.

లాక్‌డౌన్‌లో బస్సులు ఆగిపోతే పల్లెల వాళ్లు ఎలా వస్తారు? ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వాడే పిల్లాడికి మందు తప్పితే జబ్బు తిరగబెట్టచ్చు. కొల్లిపర వైపు వెళ్లే పాల వ్యాను డ్రైవరు చేతికి కవరిచ్చి పంపేవాణ్ణి, మీద పేరు, ఊరు, పూటకి ఎన్ని మాత్రలో పెద్ద అక్షరాలతో రాసి. ఇన్సులిన్ అలా పంపడానికి వీల్లేదు. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి కదా, దానికి జెల్ ప్యాక్, థర్మాకోల్ డబ్బా సిద్ధంగా పెట్టుకో.

కొట్టు తెరిచిన మొదటి వారమే ఒక పొడుగు పుస్తకం పెట్టు. బీపీ, షుగరు, థైరాయిడ్, ఫిట్స్, గుండె మందులు వాడేవాళ్ల పేరు, ఫోను, మోతాదు, ఎప్పటికి అయిపోతాయో రాయి. కంప్యూటర్‌లో ఉంటుంది బాబాయ్ అంటావు. ఉండనీ. గడ్డు రోజులొస్తున్నాయని తోచగానే ఆ పుస్తకం ముందు పెట్టుకుని స్టాకిస్టుకి ఇండెంట్ పెట్టు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2020 మార్చి 21న కేంద్రం మూడు పొరల మాస్కు 10 రూపాయలు, 200 మిల్లీలీటర్ల శానిటైజరు 100 రూపాయలు మించకూడదంది. నాకు సరుకు వేసే ఒకాయన అంతకన్నా ఎక్కువ చెప్పి, బిల్లు మాత్రం ఇవ్వనన్నాడు. బిల్లు లేని సరుకు గడప దాటనివ్వకు. ప్రభుత్వం ధర కట్టిన మందుల మీద మనకొచ్చేది 16 శాతం, అందులోంచే అద్దె, కరెంటు, కుర్రాళ్ల జీతాలు. అందుకని నష్టానికి అమ్మమని కూడా అనను. మాస్కులు లేవని బోర్డు పెట్టి, గుడ్డ కట్టుకోమని చెప్పడంలో చిన్నతనం లేదు.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. 2021లో ఒకరి చీటీ వాట్సాప్‌లో వీధంతా తిరిగేది. ఐవర్‌మెక్టిన్, డాక్సీసైక్లిన్, చివర్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడు. ఆక్సిజన్ మీదున్నవాళ్లలో డెక్సామెథసోన్ మరణాలు తగ్గించిందనీ, ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి మేలు కనబడలేదనీ బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ 2020 జూన్‌లోనే తేల్చింది. మన జనం మొదటి సగమే విన్నారు. షుగరు ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని స్టెరాయిడ్లు మింగితే ఏమవుతుందో ఆ మే నెలలో బ్లాక్ ఫంగస్ వచ్చాక, యాంఫోటెరిసిన్ కోసం ఊళ్లు తిరిగినప్పుడు తెలిసొచ్చింది. చీటీ మీద పేరెవరిది, తేదీ ఏది అని చూడు. అనుమానమొస్తే డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఎదురుగా ఉన్నది మీ నాన్న స్నేహితుడైనా సరే.

జ్వరం, దగ్గు మందులు కొన్నవాళ్ల వివరాలు రాయమని 2020 ఏప్రిల్‌లో మన రెండు రాష్ట్రాల్లోనూ చెప్పారు. మర్నాటి నుంచి అందరికీ ఒళ్లునొప్పులే! జ్వరమంటే ఎక్కడికి తీసుకెళ్తారోనని వాళ్ల భయం. అలాంటిది మళ్లీ రాయమంటే పక్కకి పిలిచి మెల్లగా అడుగు, నలుగురిలో కేకేసి అడక్కు.

నీ దగ్గర చేసే కుర్రాళ్లకి పూటకొకరు చొప్పున సెలవివ్వు. అలిసిపోయినవాడి చేతికి 5 ఎంజీ బదులు 10 ఎంజీ వచ్చేస్తుంది. నువ్వూ వేళకి తిను, రాత్రి తొమ్మిదికి షట్టర్ దించు. అత్యవసరానికి ఫోన్ నంబరు బయట రాయి, చాలు.

ఆదివారం వస్తున్నాను. ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ లైను వేయించావో లేదో నేనే చూస్తా.