పుల్లలు పంచే భిక్షువు

బౌద్ధ సంఘంలో వివాదం ఎంతకీ తెగకపోతే ఎక్కువమంది ఎటున్నారో చూడమంటుంది వినయపిటకం. పాళీలో దానికి యేభుయ్యసిక అని పేరు. అభిప్రాయం తెలపడానికి వాడే సలాకలనే పుల్లల్ని పంచే పని ఒక భిక్షువుకు అప్పగిస్తారు. అతనికి ఐదు అర్హతలుండాలి: ఇష్టానికీ, ద్వేషానికీ, మోహానికీ, భయానికీ లొంగకూడదు, ఏ పుల్ల తీసుకున్నట్టో, ఏది తీసుకోనట్టో తెలిసుండాలి. పాండిత్యం ఊసే లేదు. మొదటి నాలుగూ అంతరంగానికి పెట్టిన పరీక్షలైతే, ఐదోది ఒట్టి గుమాస్తా పని. చర్చ నడిపేవాడు తన మాట నెగ్గించుకోవడానికి రాలేదన్న ఎరుక ఇందులో ఉంది.

అయితే ఆ వినయపిటకంలోని చుల్లవగ్గంలోనే దీనికి ఎదురు నడిచే నియమం ఒకటుంది. రహస్య పద్ధతిలో పుల్లలు పంచేవాడు వేర్వేరు రంగుల పుల్లలతో ఒక్కొక్క భిక్షువు దగ్గరికీ వెళ్ళి, నచ్చింది తీసుకో, ఎవరికీ చూపించకు అంటాడు. లెక్కలో అధర్మవాదులే ఎక్కువని తేలితే, పుల్లలు సరిగా తీసుకోలేదంటూ ఆ ఫలితాన్ని పక్కన పెట్టాలి. ధర్మవాదులు ఎక్కువైతే ప్రకటించాలి. సత్యం తలలు లెక్కిస్తే తేలేది కాదు గనుక ఈ జాగ్రత్త తప్పదని సమర్థించవచ్చు. తేలిగ్గా కొట్టిపారేయగల వాదన కాదిది. దొంగతనాన్ని అందరూ ఒప్పుకున్నా అది ధర్మమైపోదు. కానీ తలలతో తేలనిదాన్ని తలలకు వదలకూడదు. అడిగి, జవాబు నచ్చక చెరిపేయడం వేరే సంగతి. పైగా ఏది ధర్మమో ఆ క్షణంలో తేల్చేది పుల్లలు పట్టుకున్నవాడే. తన ఇష్టమే ధర్మమనిపించే మోహం ఎవరికి వారికి కనిపించదు. రహస్యంగా జరిగిన పనిలో పక్కవారికీ కనిపించదు.

బుద్ధుడి పరినిర్వాణం తర్వాత సుమారు నూరేళ్ళకు వైశాలిలో జరిగిందని చెప్పే సభలో ఇంతకన్నా మెరుగైన దారి కనిపిస్తుంది. వజ్జి భిక్షువులు పాటిస్తున్న పది ఆచారాల మీద వివాదం. 700 మంది చేరిన చోట మాటకు అంతు లేకపోయేసరికి తూర్పువారు నలుగురు, పడమటివారు నలుగురు ఉపసంఘంగా కూర్చున్నారు. రేవతుడనే భిక్షువు అడుగుతుంటే వృద్ధ స్థవిరుడు సబ్బకామి జవాబు చెప్పాడు. రేవతుడు తటస్థుడేమీ కాదు. ఆ ఆచారాలను తప్పుబట్టిన యశుడనే భిక్షువు పక్షానికి ముందే మొగ్గినవాడు. మరి అతనికీ పుల్లల భిక్షువుకూ తేడా ఏమిటి? ఇవే ప్రశ్నలు సంఘం మధ్య కూడా అడగమని సబ్బకామి కోరాడు, రేవతుడు అడిగాడు. ఆ పది ఆచారాల్లో ఒకటైన కొమ్ములో ఉప్పు దాచుకోవడం ఎక్కడ నిషిద్ధమైందంటే శ్రావస్తిలో అని జవాబు వచ్చింది. కాదనదలచినవాడు వేలుపెట్టి చూపడానికి అక్కడొక ఊరి పేరైనా ఉంది.