పిలకాయల చేతికి గంట ఇవ్వండి

ఈ వారం వీడియోలో కఠోపనిషత్తులోని నచికేతుడి కథ చెప్పుకున్నాం కదా. అందులో ఒక విషయం దాటేశాను. ఎందుకంటే అక్కడ తప్పు నాదే. కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది నెల్లూరు జిల్లా కొండాపురం దగ్గర ఒక పల్లె. ఉద్యోగం చెన్నైలో. పోయిన వినాయక చవితికి అక్కడే మా అక్కావాళ్ళ ఫ్లాట్‌లో పూజ చేశాం. అక్క కూతురికి ఎనిమిదేళ్ళు. పత్రి సర్దుతుంటే వచ్చి చెయ్యి పెట్టింది. "తాకబాకమ్మా, కలిసిపోతాయి" అన్నాను. దీపం దగ్గరికి వస్తే "జరుగు, కాలుద్ది" అన్నాను. చివరికి కుదురుగా కూర్చుంటుందని ఫోన్‌లో మన ఛానల్ వీడియోనే పెట్టిచ్చాను. శమంతకమణి కథ, నా గొంతుతోనే.

కాసేపటికి ఫోన్ పక్కన పెట్టి అడిగింది: "మామా, వినాయకుడు మీ దేవుడా, నా దేవుడా? అన్నీ మీరే చేస్తుండారు గదా!"

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఆ పిల్లకి నేను ఇచ్చింది రీడ్ ఓన్లీ యాక్సెస్. చూడొచ్చు, వినొచ్చు, ఏదీ ముట్టుకోకూడదు.

నా చిన్నప్పుడు అలా లేదు. చవితి ముందు రోజు సాయంత్రం పత్రి తెచ్చే పని మా పిలకాయలదే. ఏకవింశతి పత్రపూజకి 21 రకాల ఆకులు కావాలి. గరిక, మారేడు, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, వావిలి, జిల్లేడు, జమ్మి... ఏది ఏ గట్టు మీద ఉందో మాకు తెలుసు. ఉత్తరేణి గింజలు నిక్కర్లకి అంటుకునేవి. రేగు ముళ్ళు గీసుకునేవి. అన్నీ దొరికేవి కావు, దొరికినవే తెచ్చేవాళ్ళం. మా అవ్వ ఒక్కో ఆకు చేతిలోకి తీసుకుని పేరు అడిగేది. తెలియకపోతే తనే చెప్పేది. మర్నాడు ఆ ఆకులు దేవుడి మీద పడుతుంటే, "అది నేను తెచ్చిందే" అని ఒకడినొకడు మోచేత్తో పొడుచుకునేవాళ్ళం. మంత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ పూజ మాది అని మాత్రం తెలుసు.

ఇప్పుడు నచికేతుడి దగ్గరికి వద్దాం. వాజశ్రవసుడు తనకున్నదంతా దానమిచ్చే యజ్ఞం చేస్తున్నాడు. ఇచ్చే ఆవులు మాత్రం ముసలివి. ఇంక నీళ్ళు తాగలేవు, గడ్డి మేయలేవు, పాలివ్వలేవు. వాటిని తోలుకుపోతుంటే ఆ పిల్లవాడు చూశాడు. సరిగ్గా అప్పుడే అతనిలో శ్రద్ధ ప్రవేశించింది అంటుంది ఉపనిషత్తు. గమనించారా? శ్రద్ధ కలిగింది ఉపన్యాసం విన్నప్పుడు కాదు. యజ్ఞం జరిగే చోట నిలబడి, జరిగేది కళ్ళారా చూసినప్పుడు. వాళ్ళ నాన్న "లోపలికెళ్ళి ఆడుకో" అని పంపేసి ఉంటే మనకి కఠోపనిషత్తే లేదు.

చూశాడు కాబట్టే అడిగాడు: "నాన్నా, నన్నెవరికిస్తావు?" ఒకటికి మూడుసార్లు అడిగాడు. తండ్రికి కోపమొచ్చి మృత్యువుకిస్తా అన్నాడు. మరి యముడేం చేశాడు? మూడు రాత్రులు తన గుమ్మంలో అన్నం లేకుండా ఉన్న పిల్లవాడికి మూడు వరాలిచ్చాడు. సంపదలు చూపించినా కదలకుండా ప్రశ్న మీదే నిలబడ్డాడని మెచ్చుకున్నాడు. నీలాంటి ప్రశ్నించేవాళ్ళే మాకు దొరకాలన్నాడు. పిల్లలు పూజ మధ్యలో "ఎందుకు" అంటే మనం విసుక్కుంటాం. యముడు విసుక్కోలేదు.

ఇంకో చోటు గురించి చెప్పాలి. చెన్నై జార్జ్‌టౌన్‌లో అర్మేనియన్ స్ట్రీట్ ఉంది. అక్కడి చర్చి 1772 నాటిది. వ్యాపారానికొచ్చిన అర్మేనియన్లు కట్టుకున్నారు. ప్రపంచంలో మొట్టమొదటి అర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో వెలువడింది మన మద్రాసులోనే. వాళ్ళ సంప్రదాయంలో పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని పూజావేదిక దగ్గర పెద్దల పక్కన నిలబడతారు, వాళ్ళతో కలిసి పాడతారు. అలా నిలబడే నేర్చుకుంటారు. ఒక ఆదివారం లోపలికెళ్ళి చూశాను. గోడలు బాగున్నాయి, గంటలున్నాయి, ఆవరణ నిండా పాత సమాధి రాళ్ళున్నాయి. ఆ కొవ్వొత్తి పట్టుకునే పిల్లలే లేరు. వాళ్ళ కుటుంబాలు ఎప్పుడో వేరే దేశాలకి వెళ్ళిపోయాయి. అది వాళ్ళ తప్పు కాదు. కానీ బయటికొస్తుంటే నాకు మా ఊరి రామాలయం గుర్తొచ్చింది. మేమూ ఊరొదిలి వచ్చినవాళ్ళమే కదా!

అయితే మనకి దారి లేకపోలేదు. అక్షరాభ్యాసం ఎలా చేస్తామో గుర్తు తెచ్చుకోండి. పళ్ళెంలో బియ్యం, పిల్లవాడి వేలు, ఆ వేలు పట్టుకుని పెద్దల చెయ్యి. చెయ్యి మనదైనా రాసే వేలు వాడిదే. ఇంట్లో పూజ కూడా అంతే.

ఇంట్లో పిల్లలుంటే మూడు పనులు చేసి చూడండి. రోజూ వాళ్ళదే అయిన చిన్న పని ఒకటి ఇవ్వండి: గంట కొట్టడం, పూలు పెట్టడం, ప్రసాదం పంచడం. ఒలికినా తిట్టొద్దు. రెండోది, ప్రశ్న అడిగితే తెలిసింది చెప్పండి, తెలియకపోతే "ఇద్దరం కనుక్కుందాం" అనండి. మూడోది, బలవంతం వద్దు. ప్రహ్లాదుడు తోటి పిల్లలకి భక్తి చెప్పింది బెత్తంతో కాదు, గురువులు పక్కకెళ్ళినప్పుడు ఆటల మధ్యలో, స్నేహంగా చెప్పాడు. బెత్తం పట్టుకుంది చండామార్కులు!

సంక్రాంతి సెలవులకి మేనకోడల్ని ఊరికి తీసుకెళ్ళాం. ధనుర్మాసం చివరి రోజులు. తెల్లవారుజామున రామాలయంలో భజనకి నలుగురు పెద్దాయనలే ఉన్నారు. ఒకాయన పాపని చూసి తన తాళాలు తీసి చేతిలో పెట్టాడు. ఒక్క దెబ్బా లయలో పడలేదు. నేను ఆపబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు: "ఉండబ్బయా, తాళం రేపొస్తుంది. పాపని రేపు కూడా రానీ."

మర్నాడు నాలుగున్నరకి నన్ను లేపింది తనే.

అందరికీ ఆ శ్రీరామరక్ష. వచ్చే వారం కలుద్దాం.