గోడకు పెట్టిన కంత

మంట ముందు కూర్చోవడం నాకెందుకింత ఇష్టమని చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. మెల్బోర్న్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. మా పాత ఇంటి హాల్లో గోడలోకి అమర్చిన గ్యాస్ లాగ్ హీటర్ ఉంది. అద్దం వెనక పేర్చిన దుంగలు నిజం దుంగలు కావు, సిరామిక్ పీచుతో చేసినవి. పిల్లలు పడుకున్నాక పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా వాటి మధ్య లేచే పసుపు మంటనే చూస్తూ ఉండిపోతాను. వెచ్చదనానికైతే ఏసీ ఉంది, అది చాలు. నాకు కావాల్సింది మంట.

ఆ కోరికే నన్ను భయపెడుతుంది కూడా. తెనాలిలో అమ్మ పొయ్యి వెలిగించగానే మంట రంగు చూసేది. నీలంగా ఉంటే సరే. పసుపు తిరిగిందంటే ఆర్పేసి, బర్నర్ చల్లారాక తీసి, పిన్నీసుతో కన్నాలు పొడిచి, కడిగి ఆరబెట్టేది. గిన్నె అడుగున మసి పట్టిందంటే గ్యాసు సరిగా కాలడం లేదని నాకు నేర్పిందీ ఆవిడే. లాగ్ హీటర్ దగ్గర ఆ చదువు అక్కరకు రాదు. కట్టెల మంటలా కనబడాలని అందులో మంటను కావాలనే పసుపుగా మండేట్టు తయారుచేస్తారు. ఏ రంగు చూస్తే పొయ్యి ఆర్పేయాలని నేర్చుకున్నానో, ఆ రంగును చూసే ఇప్పుడు మురిసిపోతున్నాను.

చలికాలం ముందు నా వంతు శుభ్రం నేను చేస్తాను. గ్యాసు కట్టేసి, అంతా చల్లారాక, కింది జాలీలో పేరుకున్న దుమ్మూ నూలుపోగులూ వ్యాక్యూమ్‌తో లాగేస్తాను. అద్దం మీద పట్టిన తెల్లటి పొరను దానికని అమ్మే క్రీముతో తుడుస్తాను. బయటికి వెళ్లి పొగగొట్టం మూతి దగ్గర ఆకులూ పిట్టగూడూ లేవని చూసుకుంటాను. దుంగలను మాత్రం ముట్టుకోను. ఆ పీచు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పైగా దుంగ ఉండాల్సిన చోటు నుంచి కాస్త జరిగినా మంట దానికి కొట్టుకుని సగం సగం కాలుతుంది. మసి కడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది లైసెన్సున్న గ్యాస్ ఫిట్టర్ చేతి పని. హీటర్ సర్వీసింగ్ కనీసం రెండేళ్లకోసారి చేయించాలని విక్టోరియా రాష్ట్రంలో ఇంధన భద్రత చూసే సంస్థ చెబుతుంది. అద్దె ఇళ్లకైతే 2021 నుంచి ఇది చట్టమే.

మొన్న మే నెలలో వచ్చిన ఫిట్టర్ బర్నర్‌కు గాలి అందే సందులో సాలెగూడు చూపించాడు. పైలట్ మంట, దాని వేడిని పసిగట్టే థర్మోకపుల్‌ను చుట్టుకుని ఉందో లేదో చూశాడు. తర్వాత ఇంటి తలుపులూ కిటికీలూ అన్నీ మూయించి, హీటర్ వెలిగించి, వంటింటి చిమ్నీనీ బాత్రూమ్ ఫ్యాన్లనూ ఫుల్లుగా తిప్పమన్నాడు. పొగ వదిలే చిన్న గొట్టం ఒకటి హీటర్ పై అంచు దగ్గర పట్టుకున్నాడు. లోపలికి పోయి పైకెక్కాల్సిన ఆ సన్నటి పొగ వెనక్కి వంగి మా హాల్లోకి వచ్చింది. కిటికీ కాస్త తీయగానే మళ్లీ సర్దుకుని లోపలికి పోయింది.

కారణం అర్థం కావడానికి నాకు క్షణం పట్టలేదు. బిగించిన ఇంట్లోంచి ఫ్యాన్లు గాలిని బయటికి లాగేస్తుంటే, ఆ వెలితి నింపడానికి గాలి ఎటు నుంచైనా రావాలి. దానికి దొరికేది పొగగొట్టమే. బయటికి పోవాల్సిన వాయువులన్నీ ఆ దారినే ఇంట్లోకి తిరిగొస్తాయి. గ్యాసుకైతే కలిపిన వాసన ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 2010లో షెపర్టన్ ప్రాంతంలోని ఒక అద్దె ఇంట్లో హీటర్ వల్లే ఇద్దరు అన్నదమ్ములు నిద్రలో పోయారు. ఒకడికి ఎనిమిదేళ్లు, ఒకడికి ఆరు. నా పిల్లలు పడుకునే గది హాలు పక్కనే.

ఫిట్టర్ హీటర్‌కు గ్యాసు ఆపేసి వెళ్లాడు. మళ్లీ వచ్చి, గోడకు కంత పెట్టి జాలీ బిగించి, పరీక్ష అంతా మొదటి నుంచి చేసి, అప్పుడు గ్యాసు ఇచ్చాడు. పని అక్కడితో అయిపోయింది. నాలో మాత్రం అయిపోలేదు. దక్షిణపు గాలి కొట్టిన రాత్రి ఆ కంతలోంచి చలి కాళ్లకు తగులుతుంది. ఏదైనా గుడ్డ అడ్డం పెడదామా అనిపిస్తుంది. ఆ ఇద్దరు పిల్లల సంగతి తెలిసి కూడా అనిపిస్తుంది. చలి నా చర్మానికి తెలుస్తుంది, మంట నా కంటికి తెలుస్తుంది. ప్రాణం తీసేది మాత్రం దేనికీ తెలియదు. పడగ్గది దగ్గర అలారం పెట్టుకున్నాం. అది ఉందన్న ధైర్యంతో కంత మూయాలనుకునే మనిషి కూడా నాలోనే ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇంగువ, ఎండుమిర్చి తాలింపు వేసేటప్పుడు ఇన్నాళ్లూ నేను కిటికీ మూసి చిమ్నీ ఫుల్లుగా పెట్టింది చలికి మాత్రమే కాదు. కంచె అవతలి వాళ్లకు వాసన పోకూడదని. ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో పట్టుకున్న బెరుకు అది. నా ఇంటి వంట వాసన గురించి నాకెందుకు సిగ్గు? పిల్లలు పీల్చే గాలి కంటే ఆ సిగ్గు బరువైనదా? ఇప్పుడు కిటికీ తీసే తాలింపు వేస్తున్నాను. బెరుకు పూర్తిగా పోలేదు.

జూన్‌లో అమ్మ వచ్చింది. మొదటి సాయంత్రమే, "ఏంటే ఈ కంత, చలిగాలంతా లోపలికొస్తోంది, ఏదైనా గుడ్డ కుక్కు" అంది. నా మనసులో మాటే ఆవిడ నోట్లోంచి వచ్చింది. హీటర్ వెలిగించి, చిమ్నీ తిప్పి, పూజ గదిలోంచి అగరుబత్తి తెచ్చి హీటర్ పై అంచు దగ్గర పట్టుకున్నాను. పొగ లోపలికే పోతోంది. కంత లేకపోతే ఎటు వచ్చేదో చెప్పాను. మసి చూసి బర్నర్ సంగతి చెప్పగల మనిషికి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. "అమ్మో, పిల్లలు పడుకునే చోటు" అని, కంతకు కాస్త దగ్గరగా ఉన్న సోఫాను తనే పట్టుకుని ఇవతలికి జరిపించింది.