ఎదుటివాని దేహము, మన తీర్పు

జూపాడు బంగ్లా మండలమందలి తర్తూరులో లక్ష్మీరంగనాథస్వామి తిరునాళ్లకు జనము విరగబడి వచ్చువేళ, మూడుచక్రముల బండిపై యువకుడొకడు దర్శనార్థియై సాగుచుండగా, ఆతడేమియు యాచింపకున్నను ఒడిలో రూపాయి బిళ్ల వేసి, "పాపం, ఏ జన్మలో ఏం చేసుకున్నాడో" అని నిట్టూర్చి పోవువారికి మనలో కొఱత లేదు. ఆ నిట్టూర్పులో ద్వేషము లేదు, నిజమైన జాలియే యున్నది. అయినను ఆ ఒక్కమాటతో స్వామిని చూడవచ్చిన భక్తుడు యాచకుడై, అపరాధియు నగుచున్నాడు.

కర్మసిద్ధాంతమును నేను త్రోసిపుచ్చుట లేదు. తన సుఖదుఃఖములకు తానే కర్తనని యెఱిగి నడత దిద్దుకొనుమని అది సాధకునికి చేసిన బోధ. ఎదుటివాని కాలుసేతులు చూచి వాని గతజన్మమును నిర్ణయించు అధికారమును అది మనకెన్నడు నీయలేదు. అష్టావక్రుని కథయైనను దోషమును శిశువుపై మోపలేదు. గర్భస్థుడై యుండియే తన యధ్యయనమందలి లోపము నెత్తిచూపెనని తండ్రియే కోపించి, దేహము వంకరపోవునట్లు శపించెను. ఆ బాలుడే పిదప జనకుని సభలో వంది యను పండితుని వాదమున జయించెను.

నల్లమలకు తూర్పున, నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో, వెన్ను వంగి కీళ్లు బిగిసినవారి వ్యాధికి హేతువు త్రాగునీటి ఫ్లోరైడని 1937లో వైద్యపరిశోధకులు ప్రకటించిరి. పూర్వజన్మ పాపమని అందఱును ఊరకుండినచో ఆ బావినీటిని పరీక్షించువారెవరు?

2016 నాటి వైకల్యముగలవారి హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, నలుగురిలో బుద్ధిపూర్వకముగా అవమానించువారికి ఆఱు నెలలకు తగ్గని శిక్ష విధించినది. జాలితో చేయు అవమానము మాత్రము చట్టమునకు చిక్కదు. అది మనమే మానవలసినది.

తీర్పు విడిచినచో చేయవలసినది వారినే అడుగుట. బస్టాపులో చూపులేనివారి రెక్క పట్టి లాగక, "అన్నా, ఆత్మకూరు బస్సొచ్చింది, తోడు రావాల్నా?" అని అడిగి, ఔనన్నచో మన మోచేతిని వారిచే పట్టుకొననిచ్చి, అరడుగు ముందు నడచుచు, మెట్టు వచ్చినపుడు చెప్పవలెను. వినికిడి లేనివారికి మన ముఖము కనబడునట్లు వెలుతురున నిలిచి వారితోనే మాటాడవలెను, ప్రక్కనున్న అక్కను "ఈయనకేం కావాలంట?" అని అడుగరాదు. చక్రముల కుర్చీని అడుగక తోయరాదు. మాట తడబడువారు వాక్యము ముగించుదాక ఆగవలెను, మధ్యలో మనము పూరింపరాదు. అర్థము కాకున్నచో తెలిసినట్లు తల యూపక, మఱల చెప్పుమని వేడవచ్చును.