మేడిపండులోని పురుగు

మేడిపండును చీల్చి, అందలి పురుగులను చూపి, పైమెఱుగు గల కపటిని నిందించుట వేమన నాటినుండియు మనకు అభ్యాసమైనది. ఆ నీతితో నాకు వివాదము లేదు. పాపము ఆ పురుగుపై మోపిన నేరమును మాత్రము ఒకపరి విచారింపవలసియున్నది.

మ్రాను మొదలినుండియే గుత్తులుగా వ్రేలాడు మేడికాయ నిజమునకు లోనికి ముడుచుకొన్న పూలగుత్తి. సూక్ష్మపుష్పములన్నియు లోగోడను అంటి వికసించుటచే వెలికి కానరావు గనుకనే, పూయక కాచు వృక్షములలో దీనిని పూర్వులు చేర్చిరి. ఆ పూలకడకు గాలియు తుమ్మెదయు చొరలేవు. కాయ కొనయందు పొలుసులు కప్పిన సన్నని రంధ్రమున, దోమకన్న చిన్నదైన కందిరీగజాతి ఆడుపురుగు తన దేహమును దూర్చి, ఆ ఇఱుకున ఱెక్కలను పోగొట్టుకొని, తాను పుట్టిన కాయనుండి మోసితెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్నింట గ్రుడ్లిడి, అక్కడనే ప్రాణము విడుచును. గ్రుడ్డు పడిన పూవు పురుగు పాలగును, పుప్పొడి మాత్రమే అందినది విత్తనమగును. పిదప ఱెక్కలు లేని మగపురుగులు ముందుగా వెలువడి, ఆడువానిని కూడి, వానికై కాయగోడను తొలిచి బాటవేసి, తాము ఎగురలేక నశించును. ఆడువి పుప్పొడితో వెడలిన పిమ్మటనే కాయ ఎఱ్ఱబాఱి మెత్తబడి, గబ్బిలమునకు, పక్షికి, కోతికి, నేలరాలిన పిదప చీమకును ఆహారమై, వానిలో కొన్నింటి కడుపున విత్తనముల నిడి దూరభూములకు పంపును.

పుప్పొడి తేకయే, పొడవైన సూదివంటి అవయవముతో కాయను వెలినుండి పొడిచి గ్రుడ్లిడిపోవు దొంగ ఈగలును కలవు. తిరిగి ఈయక భుజించువాడు చోరుడని భగవద్గీత తృతీయాధ్యాయము కఠినముగానే పలికినది. మేడి మాత్రము ఆ చోరులకును ఇంత పెట్టుచునే యున్నది.

సాలెపురుగును, తేనెటీగను గురువులుగా చెప్పుకొన్న అవధూత కథ భాగవతము ఏకాదశస్కంధమున కలదు. ఆ అవధూత దత్తాత్రేయుడేయని సంప్రదాయము. ఆయన పీఠము ఈ మేడిచెట్టు నీడయే. ఆ చెట్టుకు భక్తితో ప్రదక్షిణము చేసి, పండు కొఱికి, పురుగు కనబడగనే ఉమిసివేయు మనకు ఆ గురుపరంపర ఎంతవఱకు అబ్బినదో చెప్పజాలను.

పంచమహాయజ్ఞములలోని భూతయజ్ఞమును విధించుచు మనుస్మృతి, శునకములతోను కాకులతోను పాటు క్రిములకును నేలపై అన్నము మెల్లగా ఉంచుమన్నది. ఆ బలి పెట్టువారు నేడు అరుదు. కాని బియ్యపుపిండితో ముగ్గు పెట్టు ఇండ్లలో ఇల్లాలు తలపెట్టకయే ఆ పాలు చీమలకు చేరుచుండెడిది, రాతిపిండి వచ్చిన పిదప అదియు పోయినది.